గుప్పిట్లో గంధకం

దీపావళి ఇంకో నెల ఉందనగా తాతయ్య సంచీ పట్టుకుని పచారీ కొట్టుకి బయల్దేరేవాడు, వెనకే నేను. ఇంట్లో చేసుకునే బాణసంచాకి సూరేకారం, బీడు రజను, అన్నీ పొట్లాల్లో వచ్చేవి. గంధకం ఒక్కటే కడ్డీ. బొటనవేలంత లావు, పండిన నిమ్మకాయ రంగు. అది మోసే పని నాది.

“గుప్పిట్లో బిగించి చెవి దగ్గర పెట్టుకోరా” అనేవాడు తాతయ్య. కాసేపటికి లోపల చిట్, చిట్ మని సన్నటి చప్పుడు. ఎక్కడో పక్క వీధిలో పేలాలు వేయిస్తున్నట్టుండేది. అది వినడానికి నేను దారిలో రెండు మూడు చోట్ల ఆగేవాణ్ణి. గంధకం వేడిని తనలోంచి తొందరగా పోనివ్వదు. అరచేతి వెచ్చదనానికి పైపొర ఉబ్బుతుంది, లోపలిది చల్లగానే ఉంటుంది. ఆ పెనుగులాటలో స్ఫటికాలు చిట్లుతాయి. ఈ సంగతి నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

పేరులో గంధం ఉంది గానీ కడ్డీని ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసన అంతంత మాత్రమే. మంట తగిలితేనే ఘాటు. చిన్న ముక్క విరిచి నిప్పు మీద వేస్తే కరిగి, నీలంగా మండి, గొంతు పట్టేసేది. తాతయ్య దాన్ని విడిగా నూరి పల్చటి గుడ్డలో జల్లించేవాడు. అడుగున మిగిలిన చిటికెడు నాయనమ్మ కొబ్బరినూనెలో కలిపి దాచేది, పిల్లలకి గజ్జి వస్తే రాయడానికి.

ఇంటర్ ల్యాబ్‌లో దాన్ని మళ్లీ చూశాను. పరీక్షనాళికలో వేసి వేడి చేస్తే 115 డిగ్రీలు దాటాక కరిగి, నువ్వులనూనెలా పల్చగా కదిలింది. ఇంకా వేడి చేస్తే 160 దగ్గర ఎర్రబడి, ముదురుపాకంలా బిగుసుకుంది. లెక్చరర్ గారు నాళికని తలకిందులు చేశారు. చుక్క కారలేదు! ఎనిమిదేసి పరమాణువుల ఉంగరాలు తెగి పొడవాటి గొలుసులై పెనవేసుకుంటాయని చెప్పారు. ఇంకా కాచి నీళ్లలో పోస్తే రబ్బరులా సాగింది. ఆ ముక్కని జేబులో వేసుకుని ఇంటికి తెచ్చాను. నాలుగు రోజులకి మళ్లీ గట్టిపడి పచ్చబడింది. అప్పటికి తాతయ్య లేడు, చూపించడానికి.

మన దేశంలో చెప్పుకోదగ్గ గంధకం గనులు లేవు. పందొమ్మిదో శతాబ్దంలో ప్రపంచానికి సిసిలీ దీవే పెద్ద దిక్కు. అక్కడ గనుల్లోంచి ముడిరాయి వీపున మోసుకొచ్చినవాళ్లు చిన్నపిల్లలు. వాళ్లని కారూసీ అనేవారు. నేను సరదాగా మోసిన వయసులోనే వాళ్లు బరువుకి వంగిపోయారన్నది తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. 1894లో హెర్మన్ ఫ్రాష్ అమెరికాలోని లూసియానాలో బావిలోకి మరిగే నీటికన్నా వేడైన నీళ్లు దించి, గంధకాన్ని భూమిలోనే కరిగించి పైకి తోడాడు. తక్కువ వేడికే కరిగే గుణం అక్కడ పనికొచ్చింది. ఆ పద్ధతిలో నడిచిన చివరి అమెరికా గని 2000లో మూతపడింది.

ఇప్పుడు గంధకం చమురు శుద్ధి కర్మాగారాల్లోంచి, సహజవాయువులోంచి వస్తోంది. 2020 ఏప్రిల్ నుంచి మన పెట్రోలు, డీజిల్‌లో గంధకం పది లక్షల భాగాలకి పది మించకూడదు. అంతకు ముందు యాభై దాకా ఉండనిచ్చేవారు. ఒకప్పుడు కావాలని తవ్వినదే ఇప్పుడు వద్దని తీసేస్తే మిగులుతోంది. ప్రపంచంలో ఏటా దాదాపు 8 కోట్ల టన్నులు. ఎక్కువ భాగం సల్ఫ్యూరిక్ ఆమ్లమై, దాంట్లోంచి ఫాస్ఫేటు ఎరువులై పొలాలకి పోతుంది. విశాఖ రేవుకి అది ఓడల్లో వస్తుంది. ఒక్క కడ్డీ మాత్రం ఏ ఇంటికీ రాదు.

మొన్న ఊరెళ్లినప్పుడు గంధకం ఉందా అని అడిగాను. పచారీ కొట్టు కుర్రాడు ఎదురుగా ఉన్న పురుగుమందుల షాపు చూపించాడు. అక్కడాయన నిగనిగలాడే ప్యాకెట్ తీసి బల్ల మీద పెట్టాడు. మిరపతోటలో బూడిద తెగులుకి కొట్టే పొడి.

“ఎన్నెకరాలండీ?” అన్నాడు.