తల మీదా... ఛాతీ మీదా?

యాక్షన్ కెమెరా కొనడం పెద్ద పనేం కాదు. డబ్బులుంటే అరగంటలో అయిపోతుంది. కొన్నాక దాన్ని ఎక్కడ బిగించాలన్న దగ్గరే అసలు పంచాయితీ మొదలవుతుంది. గాజువాకలో మా అక్కావాళ్లింట్లో అది మూడు వారాలు నడిచింది.

మా మేనల్లుడికి ఇరవయ్యేళ్లు. ఆదివారం తెల్లారకముందే గేర్ల సైకిలు వేసుకుని నలుగురు స్నేహితులతో సబ్బవరం వైపు కొండల్లోకి పోతాడు. అక్కడ సైకిలు మోసుకుని కొండెక్కుతారు. పశువులు నడిచి నడిచి పడిన కాలిబాటల్లోంచి, గులకరాళ్ల మీదుగా కిందకి ఉరికించుకుంటూ వస్తారు. వాళ్ల భాషలో మౌంటెన్ బైకింగ్. మా అక్క భాషలో 'కొండ మీంచి పడ్డం'. ఏడాదిపాటు పిల్లలకి ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో వాడు అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దదిగా ఉండే కెమెరా కొన్నాడు. కొన్నరోజే దాన్ని హెల్మెట్ నెత్తిన అంటించబోతే మా బావ చెయ్యి పట్టుకుని ఆపేశాడు.

"హెల్మెట్ మీద ఏదీ ఉండకూడదు. అంతే."

మా బావ ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేస్ మీద ఇరవయ్యేడేళ్లుగా పని చేస్తున్నాడు. అక్కడ ఫర్నేసులకి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. ఆయనది కృష్ణ. ఇంట్లో పెద్దగా మాట్లాడడు గానీ హెల్మెట్ మాటొస్తే మాత్రం ఊరుకోడు. చిల్లు పెట్టకూడదు, దాని మీద కూర్చోకూడదు, ఎండలో పడెయ్యకూడదు, పగులొస్తే జాలి పడకుండా పారెయ్యాలి. అలాంటి మనిషి కొడుకు హెల్మెట్‌కి కొమ్ము మొలిపిస్తానంటే ఒప్పుకుంటాడా? వాడేమో ప్రపంచమంతా ఇలాగే పెట్టుకుంటోందని ఫోన్లో వీడియోలు చూపిస్తాడు. ఇద్దరి మధ్యా నలిగిపోయి అక్క నాకు ఫోన్ చేసింది. "నువ్వు పేపర్లో పని చేస్తున్నావు కదరా, నీకు తెలుస్తాది. వచ్చి తేల్చు."

పేపర్లో పనిచేసేవాడికి అన్నీ తెలుస్తాయన్న నమ్మకం మా ఇంట్లో ఇంకా బతికే ఉంది. వెళ్లక తప్పలేదు.

ఈ కెమెరాల కథే చిత్రంగా ఉంటుంది. గోప్రో పెట్టిన నిక్ వుడ్‌మన్ అనే అమెరికా కుర్రాడికి మొదట్లో కెమెరా తయారుచెయ్యాలన్న ఆలోచనే లేదు. అలల మీద సర్ఫింగ్ చేస్తూ ఫొటోలు తీసుకోవడానికి, కెమెరాని మణికట్టుకి కట్టే పట్టీ కావాలనుకున్నాడు. 2002లో కంపెనీ పెట్టాడు. పట్టీకి తగిన కెమెరా దొరక్క చివరికి 2004లో రీలు వేసుకునే చిన్న కెమెరా ఒకటి తనే అమ్మడం మొదలుపెట్టాడు. అంటే, మన మేనల్లుళ్లంతా ముందు కెమెరా కొని, తరవాత మౌంట్ గురించి కొట్టుకుంటుంటే, ఆయన ముందు మౌంట్ గురించి ఆలోచించి తరవాత కెమెరాకి వచ్చాడన్నమాట! కెమెరా కింద రెండు రెక్కలు, మౌంట్‌కి మూడు రెక్కలు, మధ్యలోంచి దూరే ఒక మర... ఆ అమరిక ఎంత పాతుకుపోయిందంటే వేరే కంపెనీల సామాన్లు కూడా చాలావరకూ దానికి సరిపోయేలాగే వస్తున్నాయి. కాబట్టి మౌంట్ ఏ కంపెనీదన్నది పెద్ద గొడవ కాదు. ఒంటి మీద ఎక్కడ, సైకిలు మీద ఎక్కడ అన్నదే గొడవ.

మొదటి ఆదివారం స్కూటరేసుకుని వాళ్లతోపాటు నేనూ కొండ కిందకి వెళ్లాను. జీడితోటలు దాటాక ఎర్రమట్టి బాట మొదలవుతుంది. హ్యాండిల్‌కి బిగించే క్లాంప్ ఒకటి మావాడు స్నేహితుడి దగ్గర అరువు తెచ్చాడు. బిగించబోతే వదులు. మౌంటెన్ సైకిలు హ్యాండిల్ మధ్యలో లావుగా, పిడుల దగ్గర సన్నగా ఉంటుంది. మామూలుగా మధ్యలో 31.8 మిల్లీమీటర్లు, పిడుల దగ్గర 22.2. కొన్ని కొత్త సైకిళ్లకి మధ్యలో 35 కూడా ఉంటోంది. ఈ లెక్క చూసుకోకుండా క్లాంప్ కొంటే డబ్బులు దండగే. పాత ట్యూబు ముక్క చుట్టి ఎలాగో బిగించాం.

కిందకి దిగొచ్చాక వీడియో చూస్తే కడుపులో తిప్పింది. రాయి తగిలినప్పుడల్లా బొమ్మ జెల్లీలా వణుకుతోంది. ఇప్పటి కెమెరాల్లో కుదుపుల్ని సర్దే ఏర్పాటు ఉన్నమాట నిజమే. గోప్రోలో 2018 నుంచీ అది బాగా మెరుగైంది. బొమ్మ అంచుల్ని కాస్త కత్తిరించి, మిగతాదాన్ని అటూ ఇటూ జరిపి నిలకడగా కనిపించేలా చేస్తుంది. తారు రోడ్డు మీదయితే హ్యాండిల్ మౌంట్‌తో చక్కటి వీడియో వస్తుంది. భీమిలి బీచ్ రోడ్డులో తొక్కేవాళ్లు నిశ్చింతగా పెట్టుకోవచ్చు. గులకరాళ్ల కొండ మీద మాత్రం ఆ వణుకు ముందు ఏ సర్దుబాటూ పూర్తిగా నిలవదు. పైగా హ్యాండిల్ తిప్పినప్పుడల్లా లోకమంతా పక్కకి తిరిగిపోతుంది. సీటు కింద గొట్టానికి బిగించి వెనక వచ్చేవాణ్ని తియ్యొచ్చు, అదో సరదా. కానీ వెనక చక్రం చిమ్మే మట్టంతా లెన్సు మీదే. దాని గురించి ఇంతకన్నా చెప్పడానికేం లేదు.

అదేరోజు హెల్మెట్ సంగతీ తేలింది, మావాడి తల మీద కాదు లెండి. వాడి స్నేహితుడొకడు ఆన్‌లైన్లో కొన్న చవక స్టిక్కర్ మౌంట్‌ని హెల్మెట్ మీద అంటించుకొచ్చాడు. జీడిచెట్టు సంగతి మీకు తెలుసు కదా, ఎత్తుకి పెరగదు, కొమ్మలు పక్కలకి చాచుకుని మనిషి తల ఎత్తులోనే ఉంటుంది. సైకిలు మీద వంగి దూరిపోవడం ఈ కుర్రాళ్లకి అలవాటే. తల దూరింది. తల మీద మూడంగుళాల ఎత్తున్న కెమెరా దూరలేదు. కొమ్మకి తగిలి తల వెనక్కి విరుచుకుపోయింది. అదృష్టం ఏమిటంటే స్టిక్కర్ ఊడి కెమెరా ఎగిరిపోయింది. ఆకుల్లో వెతికి పట్టుకోవడానికి ముప్పావుగంట పట్టింది. ఆ అబ్బాయి రెండ్రోజులు మెడ తిప్పలేకపోయాడు. స్టిక్కర్ ఊడకపోయుంటే?

ఈ ప్రశ్న ప్రపంచమంతా అడిగినదే. 2013 డిసెంబరు 29న ఫార్ములా వన్ వీరుడు మైకేల్ షూమాకర్ ఫ్రాన్స్‌లోని మెరిబెల్ దగ్గర మంచుకొండ మీద స్కీయింగ్ చేస్తూ పడిపోయాడు. తల రాతికి కొట్టుకుంది. ఆయన హెల్మెట్ మీద కెమెరా ఉంది. దానివల్లే దెబ్బ ఎక్కువైందా అన్న వాదన చాలాకాలం నడిచింది గానీ తేలింది లేదు. దర్యాప్తు చేసినవాళ్లకి ఆ కెమెరాలో దృశ్యాలే ఆధారమయ్యాయి కూడా. మనదేశంలో 2022లో కేరళ రవాణా అధికారులు ద్విచక్ర వాహనాలవాళ్లు హెల్మెట్ల మీద కెమెరాలు పెట్టుకోవద్దని ఆంక్ష పెట్టారు.

బావని అడిగితే ఇంకా తేలిగ్గా చెప్పాడు. ఫ్యాక్టరీ హెల్మెట్లో పైడొప్పకీ తలకీ మధ్య పట్టీలుంటాయి, ఖాళీ ఉంటుంది. పైన పడ్డ దెబ్బని ఆ పట్టీలూ ఆ ఖాళీ మింగేస్తాయి. సైకిలు హెల్మెట్లో పట్టీల బదులు థర్మోకోల్ లాంటి గట్టి నురగ. అది నలిగి దెబ్బని మింగుతుంది. నున్నటి గుండు నేలకి తగిలితే జారిపోతుంది. "దాని మీద బొడిపె ఉంటే జారదు, పట్టుకుంటాది. పట్టుకుంటే తిరిగేది ఏటి? మెడ." ఆయన ఏ పరిశోధనా చదవలేదు. అయినా ఇంతకన్నా సూటిగా చెప్పినవాళ్లు నాకు తగల్లేదు.

న్యాయంగా చెప్పాలంటే హెల్మెట్ కెమెరాకి ఒక సుగుణం ఉంది. మన చూపు ఎటుంటే అదీ అటే చూస్తుంది. మోకాళ్లూ మెడా కలిసి కుదుపుల్ని మింగడంతో బొమ్మ నిలకడగా వస్తుంది. ముఖమంతా కప్పే హెల్మెట్లకి గడ్డం దగ్గర బిగించే మౌంట్లున్నాయి. కొమ్మలు తగలవు, దృశ్యం ఇంకా బావుంటుంది. కానీ మన ఉక్కపోతలో ముఖమంతా కప్పే హెల్మెట్‌తో కొండెక్కడం ఎవరి తరం?

ఇక మిగిలింది ఛాతీ. భుజాల మీంచి, నడుం చుట్టూ సాగే పట్టీలు, మధ్యలో ప్లాస్టిక్ పలక. రెండో ఆదివారం దాంతో దిగాడు. మొదటి వీడియోలో పావుగంటసేపు సైకిలు ముందు చక్రమూ, నేలా తప్ప ఏమీ లేదు. కిందకి దిగేటప్పుడు సైకిలు మీద మనిషి ముందుకి వంగుతాడు. నిటారుగా నిలబడి కెమెరా సర్దుకుంటే, తొక్కేటప్పుడు అది నేలనే చూస్తుంది. సైకిలెక్కి, దిగేటప్పుడు ఎలా వంగుతామో అలా వంగి, హ్యాండిల్ బొమ్మలో కింది భాగాన కనిపించేదాకా కెమెరాని పైకెత్తాలి. పట్టీలు ఊపిరాడనంత బిగువుగా ఉండకూడదు, గంతేస్తే ఊగేంత వదులుగానూ ఉండకూడదు. రెండో దిగుడుకి కుదిరింది.

ఛాతీ మౌంట్‌లో లోపాలు లేవని కాదు. బోర్లా పడితే పక్కటెముకల కింద గట్టి వస్తువు ఉన్నట్టే. ఎక్కేటప్పుడు బొమ్మ నిండా మోకాళ్లే. చెమటకి పట్టీలు తడిసి ముద్దవుతాయి, ఇంటికొచ్చాక ఉతక్కపోతే దగ్గరకి రానివ్వరు. అయినా నా ఓటు దానికే. తల తలలా ఉంటుంది. చేతులూ, హ్యాండిలూ, దారీ మూడూ కనిపిస్తాయి.

విశాఖలో ఉన్నవాళ్లకి ఇంకో లెక్క కూడా ఉంది. ఇది నేవీ ఊరు, పోర్టు ఊరు. డాల్ఫిన్స్ నోస్ వైపు, యారాడ వైపు వెళితే ఎక్కడ కెమెరా తియ్యొచ్చో ఎక్కడ తియ్యకూడదో బోర్డులుంటాయి. ఒంటికో సైకిలుకో బిగించిన కెమెరా ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో గేటు దగ్గరున్న జవానుకెలా తెలుస్తుంది? కాబట్టి ఒక్క నొక్కుతో ఊడి బ్యాగులోకి వెళ్లే మౌంటే మనకి మేలు. స్క్రూడ్రైవరు పెట్టి విప్పాల్సినది వద్దే వద్దు. అలాగే భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల్లో తీస్తే వీడియో అదిరిపోతుందని ఈ పిల్లలకి ఎవరో చెప్పారు. అది జాతీయ భూవారసత్వ ప్రదేశం. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కింది. వేలయేళ్లుగా పేరుకున్న ఇసుక, చక్రం ఒక్కసారి కోస్తే వానకి అదే గాడి అవుతుంది. కెమెరా పట్టుకుని నడిచి చూడండి, చాలు.

స్టిక్కర్ మౌంట్ వాడక తప్పనివాళ్లకి ఒక మాట. అంటించేచోట దుమ్మూ చెమటా తుడిచి, బాగా ఆరనిచ్చి, అంటించాక ఒక రోజంతా ముట్టుకోకుండా వదిలెయ్యాలి. మన సముద్రపు తేమలో ఇది మరీ ముఖ్యం. దేనికి బిగించినా కెమెరాకి ఒక సన్నతాడు విడిగా కట్టుకోవాలి. ఈ సలహా బావది. ఫర్నేసు దగ్గర ఎత్తు మీద పనిచేసేటప్పుడు స్పానరుకీ తాడు కడతారట, జారితే కింద ఉన్నవాడి నెత్తిన పడకుండా.

ఆ రాత్రి ఛాతీ కెమెరా వీడియో టీవీకి తగిలించి చూశాం. ఈ కెమెరాల వెడల్పు చూపులో ఒక మాయ ఉంది. ఎంత నిట్టనిలువు దిగుడైనా చదునుగా కనిపిస్తుంది. "ఇంతేనా? ఇది మన వీధిలాగే ఉంది కదరా" అంది అక్క, మూడేళ్లలో మొదటిసారి నిశ్చింతగా. వాడి మొహం మాడిపోయింది.

బావ మాత్రం దారి చూడట్లేదు. "వెనక్కి పెట్టు" అన్నాడు. మళ్లీ చూశాడు. బ్రేకుల మీద రెండేసి వేళ్లు. మలుపు రాకముందే నొక్కి, మలుపులో వదిలేస్తున్నాయి. గులకరాళ్ల దగ్గర ముందు బ్రేకు ముట్టుకోవట్లేదు. మూడోసారి కూడా పెట్టించుకుని, "చెయ్యి బావుంది" అన్నాడు. కొడుకు సైకిలు గురించి ఆయన నోటివెంట ఒక మెచ్చుకోలు మాట రావడం నేను అదే వినడం.

"నాన్నా, ఫర్నేసు దగ్గర నీకు కెమెరా కడితే ఏం కనబడుతుంది?" అన్నాడు వాడు.

లోపల ఫొటోలు తియ్యనివ్వరు. ఇరవయ్యేడేళ్ల ఉద్యోగంలో ఆయన పనిలో ఉన్న ఫొటో ఆ ఇంట్లో ఒక్కటి లేదు. కొడుకు పుట్టినప్పుడు కూడా నైట్ షిఫ్టులోనే ఉన్నాడు. బావ కాసేపు టీవీ వంకే చూశాడు. తరవాత లేచి హాల్లో నిలబడి, రంధ్రం తెరవడానికి డ్రిల్లు మిషను ఎలా తెస్తారో, పదిహేను వందల డిగ్రీల ఇనుము కాలవలోకి దూకగానే ఏ పక్కకి తప్పుకోవాలో, మళ్లీ మట్టితో ఎలా మూస్తారో రెండు చేతులతో చూపించడం మొదలుపెట్టాడు. అక్క వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. వాడు మెల్లగా టీపాయ్ మీదున్న కెమెరా అందుకోబోయాడు.

"ముందు ఆ మరకి నూనె పెట్టరా" అన్నాడు బావ, చేతులు ఆపకుండానే. "ఉప్పుగాలికి రెండ్రోజుల్లో తుప్పట్టేస్తాది."