ఉల్కారాయిలో బూందీ

ఉల్కంటే మనకు రాలే చుక్కే. కానీ కిందపడిన ఉల్కారాళ్లు పగలగొట్టి చూస్తే చాలావాటిలో ఆవగింజంత గుండ్రటి పూసలు కనిపిస్తాయి, అచ్చం లడ్డూలో బూందీ లాగా. వీటి పేరు కాండ్రూల్స్. వయసు సుమారు 456 కోట్ల ఏళ్లు. అంటే మన భూమికే అన్నలన్నమాట.

బూందీ ఎందుకు గుండ్రంగా ఉంటుంది? పిండి చుక్కగా జారింది కాబట్టి. ఇవీ అంతే. రాయి కరిగి చుక్కలై, అంతరిక్షంలో తేలుతూనే గడ్డకట్టింది. లోపలి స్ఫటికాలని బట్టి, 1500 డిగ్రీలు దాటి వేడెక్కి, గంటల్లోనో ఒకట్రెండు రోజుల్లోనో చల్లారాయి. మరి అంత చలిలో పొయ్యి వెలిగించిందెవరు? మెరుపులని కొందరు, సూర్యుడి పక్కన కరిగి బయటికి విసిరేయబడ్డాయని కొందరు, వాయువులో షాక్ వేవ్స్ అని కొందరు, చిన్న గ్రహశకలాలు గుద్దుకున్నాయని కొందరు. మన భాషలో చెప్పాలంటే బగ్ ఒకటి, రూట్ కాజులు నాలుగు.

లాగ్ ఫైలు మాత్రం ఒకటుంది. 1940లో మధ్యప్రదేశ్ సెమర్కోనాలో పడిన 691 గ్రాముల రాయి. దాని పూసల్లో సోడియం ఆవిరైపోకుండా మిగిలుందని 2008లో తేల్చారు, అంటే చుట్టూ ధూళి బాగా దట్టంగా ఉండాలి. 2014లో అదే రాయిలో పాత అయస్కాంత క్షేత్రం జాడ కొలిచారు: సుమారు 54 మైక్రోటెస్లాలు. మన దగ్గర భూమికున్నది సుమారు 40. సూర్యుడి పక్కనైతే ఇంకా చాలా ఎక్కువుండాలి. దాంతో ఆ వాదం బలహీనపడింది. షాక్ వేవ్సా, గుద్దులాటా అన్నది ఇంకా తేలలేదు.

ఇది మనకెందుకంటారా? 1852లో నెల్లూరు దగ్గర యాటూరులో ఒకటి పడింది. 1997లో విస్సన్నపేటలో ఇంకోటి పడింది (అందులో పూసలుండవు, అది ఒకప్పుడు మొత్తం కరిగిన గ్రహశకలం ముక్క). రేపు మా బత్తలపల్లె శెనక్కాయ చేలో పడొచ్చు. ఎర్రనేల మీద నల్లరాయి ఇట్టే కనిపిస్తుంది. ఉల్కేనా కాదా అని మనవాళ్లు చేసే మొదటి పని అయస్కాంతం అంటించి చూడటం. అంతే, 456 కోట్ల ఏళ్ల రికార్డు ఒక్క క్షణంలో చెరిగిపోతుంది. బ్యాకప్ లేని డిస్కు ఫార్మాట్ కొట్టినట్టే!

కాబట్టి ఈసారి ఊరికి ఫోన్ చేసినప్పుడు చెప్పిపెట్టండి: అయస్కాంతం పెట్టొద్దు, కడగొద్దు, శుభ్రమైన కవర్లో చుట్టి తహసీల్దారుకో, జియలాజికల్ సర్వేకో కబురు పెట్టమని. సెమర్కోనా రాయి కిలో కూడా లేదు మరి.