బొగ్గుగనుల చెంత పూలపెరడు

మంచిర్యాల జిల్లాలోని మందమర్రి సింగరేణి బొగ్గుగనుల ఊరు. గనుల చెంతనున్న పెరళ్లలో నల్లని ధూళి మొక్కల ఆకులమీద పేరుకొనును. మసిబారిన ఆకునకు వెలుగు చాలదు, మొక్క కృశించును. కావున పాదునకే గాక ఆకులమీదను నీరు చిలుకరింపవలెను.

ఇట్టిచోట ఏ పూలను, ఎప్పుడు పెంచవలెను? బతుకమ్మ పండుగయే ఆ గడువును నిర్ణయించుచున్నది. భాద్రపద అమావాస్యనాడు ఎంగిలిపూల బతుకమ్మ. ఆనాటి నుండి తొమ్మిది దినములు రాశులకొలది పూలు కావలెను. బంతి విత్తిన రమారమి రెండు నెలలకు పూయును. తొలకరికి నేల తడిసిన పిదప ఆషాఢ ప్రారంభమున నారుపోసి, నాటిన మొక్కలు జానెడు ఎదుగగనే తలలు త్రుంచవలెను. పిల్లలు త్రుంచుటకు జంకుదురు. కాని త్రుంచిన మొక్కకే పక్కకొమ్మలు సాగి పూలు విరివిగా పట్టును. ఈ బంతి పుట్టినిల్లు మెక్సికో! నేడు దానిని పరాయిదన్న నమ్మువారెవరు?

గునుగు సంగతి వేరు. అది జొన్నచేలలో తనంత తాను మొలచును, రైతునకది కలుపు. కలుపుమందులు చల్లిన చేలలో అది కానరాదు. 2014లో తెలంగాణ రాష్ట్రపుష్పమైన తంగేడునకు బీళ్లే ఆటపట్టు. ఉపరితల గనులు త్రవ్వినచోట బీళ్లు మిగులవు. ఈ రెండును లేని బతుకమ్మను ఏ తల్లి పేర్చగలదు? కంచెవెంట ఒక తంగేడు, పెరటిమూల నాలుగు గునుగు మొక్కలు ఉన్నచో పండుగనాడు వెదుకులాట తప్పును. కాని గునుగునంతయు కోయరాదు. రెండు మొక్కలను ఎండనిచ్చి, వెన్నులను కాగితముపై దులిపినచో, బొగ్గువలె నల్లగా మెరయు సన్నని గింజలు రాలును. వానిని సీసాలో పోసి మరుసటి తొలకరి వరకు దాచవలెను.