పీతా, ఎండ్రికాయా

మెదక్ వచ్చింది చర్చి చూద్దామని. 1914లో మొదలై 1924లో పూర్తయిందది. కరువు రోజుల్లో జనానికి పని చూపించి, కడుపు నింపి కట్టించాడు పోస్నెట్ దొర. 175 అడుగుల గోపురం చూసి చూసి మెడ పట్టేసింది. పోయి ఊరిచివర చెరువుగట్టున కూర్చున్నాను.

పక్కనే ఓ పెద్దాయన వల బాగుచేసుకుంటున్నాడు. గట్టు బొరియలోంచి తొంగిచూసే జీవిని చూపి, "పీతలు బాగానే ఉన్నాయే!" అన్నాను.

"పీతేంది సారూ, ఎండ్రికాయ!" అని నవ్వాడు.

నాది కోరంగి ప్రాంతం. అక్కడ ఎండిపోతున్న మడ అడవిని బతికించడానికి చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వారు. పోటునీరు లోపలికి పారి, నేలలో ఉప్పు తగ్గి, మొక్క నిలిచింది. మొక్క నిలిస్తే దాని వేళ్లమధ్య పీతకూ నత్తకూ చోటు దొరికినట్టే. ఆ సంగతే ఆయనకు చెప్పాను.

"మీకాడ తవ్వితే పురుగూ పుట్రా వస్తయి. ఈడ తవ్వితే పోతయి" అన్నాడు.

"అదేమిటి?"

"నత్త ఎండకాలం మూత బిగించుకొని మట్టిల పండుకుంటది. మనం పూడిక తీసేదీ ఎండకాలమే. నిద్రల ఉన్నదాన్ని ఉన్నట్టే ట్రాక్టరుకెత్తుతం."

నిజమే. చెరువు నత్తకు మొప్పా ఉంది, ఊపిరితిత్తీ ఉంది. నీళ్లింకినా వానలదాకా బతకగలదు. పారకు మాత్రం ఏ ఉపాయమూ లేదు.

"అయితే పూడిక తీయొద్దా?"

"తియ్యకుంటే నీళ్లేడ నిలుస్తయి? ఒక్క మూల ఇడిచిపెట్టాలె. గా తుమ్మలకాడ మేం ముట్టలే."

అటు చూశాను. ముక్కు మధ్యన సందున్న కొంగ ఒకటి, తల వంచి, తీరిగ్గా నత్తను ఒలుచుకుంటోంది.