దేవదాసుకు దుఃఖం, కూలివాడికి దురలవాటు

1953లో వేదాంతం రాఘవయ్య తీసిన "దేవదాసు" చూసి కంటతడి పెట్టని తెలుగువాడు అరుదు. శరత్ బాబు కథలోని జమీందారు కొడుకు సీసా పట్టుకుంటే, దాని వెనుక పార్వతి వున్నదని మనకు తెలుసు. తెలుసు గనుక క్షమిస్తాం. క్షమించడమేమిటి, ఆరాధిస్తాం! అదే తాగుడు కూలివాడి ఇంట్లో కనబడితే మాత్రం నీతిమాలినతనం అవుతుంది.

ఆ మధ్య క్లాసులో విషాద నాయకుల గురించి చెబుతుంటే ఒక విద్యార్థిని లేచి, "దేవదాసు తాగితే విరహం, మా నాన్న తాగితే తాగుబోతుతనమా, సార్?" అని అడిగింది. క్లాసంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. తండ్రి బొగ్గుగనిలో పనిచేసేవాడట. పైకప్పు కూలి పక్కవాడు కళ్ళముందే పోయాడు. నాటినుంచి రాత్రిపూట ఇంట్లో దీపం ఆర్పనివ్వడు. తాగిన రాత్రి మాత్రం ఆర్పినా వూరుకుంటాడు. రసశాస్త్రం చదివి వచ్చిన నాకు వ్యసనాన్ని గురించి ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు.

1998లో అమెరికాలో ఫెలిటీ, ఆండా అనే వైద్యులు తొమ్మిదివేల పైచిలుకు మంది బాల్యానుభవాలను పరిశీలించి ఒక వ్యాసం ప్రకటించారు. దెబ్బలు, అవమానాలు, ఇంట్లో హింస వంటివి నాలుగు రకాలుగానో, అంతకు మించో అనుభవించినవారికి, అవేవీ ఎరగనివారికన్న తాగుడు, మత్తుమందుల ముప్పు నాలుగు నుంచి పన్నెండు రెట్లు ఎక్కువని తేలింది. వీరంతా ఆరోగ్య బీమా వున్నవారే సుమా! దారిద్ర్యం ఒక్కటే కారణమని సరిపెట్టుకునే మన మిత్రులు దీన్ని గమనించాలి. గాయం ఏ వర్గంవాడికైనా తగులుతుంది. చికిత్స దగ్గరే వర్గం బయటపడుతుంది.

తెలంగాణలో కల్తీకల్లు సంగతే చూడండి. అందులో కలిపే ఆల్‌ప్రజోలం, డయాజిపాం ఆందోళనకు డాక్టర్లు రాసే మందులే. కలిగినవాడికి అవి చీటీ మీద వస్తాయి, "ఏమిటి బాధ?" అన్న ప్రశ్నతో సహా. లేనివాడికి ప్రశ్న లేకుండా కల్లుసీసాలో వస్తాయి. 2015 సెప్టెంబరులో నిజామాబాదు, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో ఆ కల్లు దొరక్కపోయేసరికి జనం ఫిట్సుతో, మతిచలించిన మాటలతో ఆసుపత్రుల పాలయ్యారు.

తాగివచ్చి భార్యను కొట్టేవాణ్ణి ఇదంతా చెప్పి వెనకేసుకురావడం నా వుద్దేశం కాదు. 1992లో దూబగుంట స్త్రీలు సారాపై తిరగబడడం న్యాయమే. 1993 నాటి సారా నిషేధం అటువంటి స్త్రీలు పోరాడి గెలుచుకున్నదే. అయితే దుకాణం మూతబడ్డాక, మానినవాడు ఆ రాత్రి ఏ డాక్టరు దగ్గరకు పోవాలి? ప్రమాదం చూసిన కార్మికుడికి జీతంతో సెలవు, తాలూకా ఆసుపత్రిలో ఒక మానసిక వైద్యుడు - ఇవి కూడా యూనియన్ల కోర్కెల పత్రంలో, కూలిరేట్ల సరసనే, చేరవలసివుంది.