హిమయాత్రకు ఆదాయ వ్యయాలు

విదేశ విహారయాత్ర అనగానే మనలో చాలామందికి రెండు భావాలు కలుగుతాయి. అది ధనవంతుల వ్యసనమని ఒకటి. అప్పు చేసైనా ఒకమారు చూసి రావాలని మరొకటి. ఈ రెండింటికీ మధ్య నడవదగిన దారి ఒకటి కలదని నా అనుభవం. వాణిజ్యశాస్త్రం బోధించేవాడిని గనుక ఆదాయ వ్యయాల పట్టిక లేనిదే నాకు ఏ ఆలోచనా ముందుకు సాగదు. అందుచేత మేము నలుగురు మిత్రులం స్కీయింగ్ నేర్చుకొనే నిమిత్తం విదేశయాత్రను ఏ విధంగా సిద్ధపరచుకొన్నామో విద్యార్థి మిత్రుల ముందుంచుతున్నాను. స్కీయింగ్ అంటే రెండు పొడవైన సన్నని పలకలను బూట్లకు బిగించుకొని మంచువాలుపై జారే క్రీడ. మాలో ఇద్దరు అంతవరకు మంచును ఐసుగడ్డ రూపంలో తప్ప చూసి ఎరుగరు.

నలుగురమూ ఒకే బెంచీపై చదువుకొన్నవాళ్లం. ఇప్పుడు ఒకరు బ్యాంకు ఉద్యోగి, ఒకరు సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, ఒకరు ప్రైవేటు పాఠశాలలో ఉర్దూ ఉపాధ్యాయుడు, నేను అధ్యాపకుణ్ణి. మొదట బ్యాంకు మిత్రుడు స్విట్జర్లాండ్ అన్నాడు. కాగితంపై లెక్క వేశాం. షెంగెన్ వీసా రుసుం 2024 జూన్‌లో 90 యూరోలైంది. వీసాకు 30,000 యూరోలకు తగ్గని వైద్యబీమా చూపాలి. విమానం, వసతి, భోజనం, కొండపైకి తీసుకువెళ్లే లిఫ్టు రుసుము అన్నీ కలిపితే తలకు రెండు లక్షలు దాటింది. ఉపాధ్యాయ మిత్రుడు ఆ కాగితం ఆమూలాగ్రం చదివి, మడిచి ఇచ్చి, "భాయీ, మీరు ముగ్గురూ వెళ్లి రండి. నాకు బడిలో సెలవు దొరకదు. ఫొటోలు చూసి నేనూ సంతోషిస్తాను" అన్నాడు.

అడ్డంకి సెలవు కాదని మా అందరికీ తెలుసు. ఇంజనీరు మిత్రుడు, "నీ ఖర్చు నేను పెట్టుకొంటానురా, నాకిది భారం కాదు" అన్నాడు. దానికి అతడిచ్చిన సమాధానం నేను మరువలేను. "దావతుకు పిలిస్తే తప్పక వస్తాను. కాని పదిహేను రోజులు ఒకరి ఖర్చుపై నడిస్తే, గ్లాసు చాయ్ తాగాలన్నా మీ ముఖం చూడవలసి వస్తుంది. అప్పుడు మనం స్నేహితులుగా తిరిగి రాము."

ఆ మాటతో మా ప్రణాళిక తలకిందులైంది. అతడు ఇల్లు గడుపుకొని నెలకు ఎంత మిగల్చగలడని అడిగాం. అయిదు వేలన్నాడు. పద్దెనిమిది నెలలకు తొంభై వేలు. అదే మా అందరికీ హద్దని నిర్ణయించుకొన్నాం. ఎవరూ అంతకు మించి వ్యయం చేయరాదు; ఒకరి ఖర్చు మరొకరు భరించరాదు. దేశాన్ని ఎంచుకొని డబ్బు వెదకడం లోకరీతి. మేము డబ్బు ఎంతో తేల్చుకొని, ఆ హద్దుకు లోబడే దేశాన్ని వెదకనారంభించాం.

మన దేశంలోనే గుల్మార్గ్, ఔలీ ఉన్నాయి కదా అని పాఠకులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కేవలం మంచు, క్రీడ కావలసినవారికి అవి చాలు. కాని మా ఇళ్లలో పలికే ఎన్నో మాటలూ, వండే పులావూ ఏ ప్రాంతాల గాలి తగిలి వచ్చాయో ఆ మధ్య ఆసియాను చూడాలన్న కోరిక కూడ మాకుండేది. అక్కడ కజకిస్థాన్ 2022 జులైలో భారతీయులకు పద్నాలుగు రోజుల వరకు వీసా అవసరం లేదని ప్రకటించింది. పొరుగుననే ఉన్న కిర్గిజిస్థాన్‌కు ఇంటినుండే ఇ-వీసాకు దరఖాస్తు చేసుకోవచ్చు. పైగా ఆ దేశ రాజధాని బిష్కెక్‌లో మన తెలుగు విద్యార్థులు చాలామంది వైద్యవిద్య అభ్యసిస్తున్నారు. వారిలో మా బ్యాంకు మిత్రుని మేనమామ కుమారుడు ఒకడు.

మార్గాన్ని ఇలా కూర్చుకొన్నాం. హైదరాబాదు నుండి ఢిల్లీకి రైలు. అక్కడినుండి అల్మాటీకి విమానం. అల్మాటీ నుండి సుమారు 240 కిలోమీటర్లు బస్సులో బిష్కెక్. అక్కడినుండి సుమారు 400 కిలోమీటర్లు చిన్న బస్సులో ఇసిక్-కుల్ సరస్సు తీరం వెంట కరకోల్ పట్టణం. ఇన్ని మజిలీలెందుకని సందేహం కలుగుతుంది. ప్రతి మజిలీ తన ఖర్చుకు తగిన సమాధానం చెప్పాలన్నది మా నియమం. బిష్కెక్‌లో విద్యార్థుల అద్దె ఇంటిలో రెండు రాత్రులు వసతి దొరుకుతుంది. కరకోల్ స్కీ కేంద్రం పట్టణానికి ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలోనే ఉంది. సోవియట్ కాలంలో క్రీడాకారుల శిక్షణకు వాడిన ఆ వాలులు 3,000 మీటర్ల ఎత్తు దాటుతాయి. లిఫ్టు రుసుమూ, పరికరాల అద్దే యూరపుతో పోలిస్తే చాలా తక్కువ. కనుక నేర్చుకొనే అయిదు రోజులూ అక్కడే గడపాలనుకొన్నాం. అల్మాటీ దగ్గరి షింబులాక్ మరింత పేరుగలది, ఖరీదైనది. దానికి ఒక్క రోజే కేటాయించాం.

ఆ ఒక్క రోజును యాత్ర చివర ఉంచడంలోనే మా లెక్కలోని మెలకువ ఉంది. శీతకాలంలో కొండదారులు మంచుతో మూసుకుపోవచ్చు. తిరుగు విమానానికి ముందురోజే కరకోల్‌లో బయలుదేరితే, దారి ఒక్క పూట ఆగినా టిక్కెట్టు డబ్బంతా మట్టిలో కలుస్తుంది. అందుచేత ఒక రోజు ముందుగానే అల్మాటీ చేరేటట్లు ఏర్పాటు చేసుకొన్నాం. బస్సు ఆలస్యమైతే ఆ రోజు రక్షణకవచం, కాకపోతే విహారం. అల్మాటీలో సిటీ బస్సెక్కితే 1,691 మీటర్ల ఎత్తున ఉన్న మెదెవ్ స్కేటింగ్ మైదానానికి చేరవచ్చు. అక్కడినుండి నాలుగున్నర కిలోమీటర్ల తీగమార్గం షింబులాక్‌కు తీసుకుపోతుంది. ఢిల్లీలోనూ ఇదే పద్ధతి. జనవరి పొగమంచులో ఉత్తరాది రైళ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి గనుక విమానానికి ముందు అక్కడ ఒక రాత్రి ఉంచుకొన్నాం.

పటం చూసి మోసపోరాదని చెప్పడానికి ఒక ఉదాహరణ. కరకోల్ నుండి అల్మాటీకి బిష్కెక్ చుట్టూ తిరగకుండా కర్కరా లోయగుండా సరిహద్దు దాటే దగ్గరి దారి పటంలో స్పష్టంగా కనిపిస్తుంది. కాని ఆ సరిహద్దు ద్వారం వేసవి నెలల్లోనే తెరిచి ఉంటుంది; చలికాలంలో మూసివేస్తారు. గడియారం సంగతి కూడ చూడండి. 2024 మార్చి 1న కజకిస్థాన్ దేశమంతటికీ ఒకే కాలమానం ఏర్పరచుకొన్నది. నాటినుండి అల్మాటీ మనకంటె అరగంట వెనుక, బిష్కెక్ అరగంట ముందు. సరిహద్దు దాటితే గంట తేడా. బస్సు వేళలు వ్రాసుకొనేటప్పుడు ఏ ఊరి సమయమో పక్కన వ్రాసుకొన్నాం.

ఎప్పుడు వెళ్లాలన్నది మరొక సమస్య. మంచి మంచు పడేది జనవరి, ఫిబ్రవరి మాసాల్లో. హిజ్రీ సంవత్సరం ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది గనుక రంజాన్ ఇప్పుడు ఈ నెలల్లోకే వచ్చింది. 2026లో ఫిబ్రవరి మూడవ వారంలో ఆరంభం. 2030లో జనవరిలో ఒకమారు, డిసెంబరులో మరొకమారు రెండు రంజాన్‌లు వస్తాయి. ప్రయాణికునికి ఉపవాసం వాయిదా వేసుకొనే సౌకర్యం ఉన్నది నిజమే. అయినా ఆ నెలలో ఇంటికి దూరంగా క్రీడావిహారం మాకెవరికీ రుచించలేదు. ఉపాధ్యాయ మిత్రునికి పొడవైన సెలవు దొరికేది సంక్రాంతికే. ఈ విధంగా పెద్ద పండుగ సెలవులూ, రంజాన్ రాకా కలిసి జనవరి నడిమి రోజులను మాకు నిర్ణయించి ఇచ్చాయి.

పెద్దల భయం కూడ లెక్కలోకి రావలసిందే. 2024 మే నెలలో బిష్కెక్‌లో విదేశీ విద్యార్థుల వసతిగృహాలపై అల్లరిమూకలు దాడి చేసిన వార్త మా అమ్మగారు మరువలేదు. "డబ్బు పోతే సంపాదించుకోవచ్చు బేటా" అని ఒక్క మాట అని ఊరుకొన్నారు. ఆ భయాన్ని కొట్టివేయడానికి నాకు అధికారం లేదు. అక్కడ నివసించే విద్యార్థులతోనే ఆమెను ఫోనులో మాట్లాడించాం. భారత రాయబార కార్యాలయం చిరునామా, ఫోను నంబరు నలుగురి ఇళ్లలోనూ వ్రాసి ఇచ్చాం. రాత్రివేళ ఒంటరిగా తిరగమని మాట ఇచ్చాం. అప్పుడుగాని ఆమె సమ్మతించలేదు.

ఇక కోతల సంగతి. హోటలుకు బదులు హాస్టలు గదులు. ఉన్ని దుస్తులు బంధువులనుండి ఎరవు. స్కీ పలకలు, బూట్లు, జలనిరోధక దుస్తులు అక్కడే అద్దెకు. చేతితొడుగులు, కంటి అద్దాలు మాత్రమే కొన్నాం. భోజనం బజారులో. కరకోల్‌లో దుంగన్ ముస్లింలు చేసే అష్లాన్-ఫూ అనే పుల్లని కారపు సేమ్యాల వంటకం కడుపునింపుతుంది, జేబును బాధించదు. అయితే మూడు పద్దులపై కలం పెట్టరాదని ముందే వ్రాసుకొన్నాం. మొదటిది బీమా. సామాన్య ప్రయాణ బీమాలు అనేకం మంచుక్రీడల ప్రమాదాలకు వర్తించవు; స్కీయింగ్ అన్న మాట పత్రంలో ఉన్నదో లేదో చదివి తీసుకొనవలెను. రెండవది మొదటి రెండు రోజుల శిక్షకుని రుసుము. ఆగడం నేర్వకుండా జారడం మొదలుపెట్టేవాడు తనకే గాక ఇతరులకూ అపాయం. మూడవది శిరస్త్రాణం.

యాత్ర జరిగింది. కరకోల్‌లో ఉపాధ్యాయ మిత్రుడు మూడవ రోజున ఎవరి ఊతమూ లేకుండా చిన్న వాలు దిగాడు. ఇంజనీరుకు అయిదవ రోజు వరకు పట్టింది. చలికాలంలోనూ గడ్డకట్టని ఇసిక్-కుల్ నీలిజలాలు చూశాం. ఇనుప మేకు లేకుండా కొయ్యతో దుంగన్‌లు కట్టుకొన్న శతాధిక వర్షాల మసీదులో నమాజు చేశాం. పుస్తకాన్ని కితెప్ అనీ, బడిని మెక్తెప్ అనీ అక్కడివారు పలుకుతుంటే, ఉర్దూ బోధించే మా మిత్రుడే మా దుబాసీ అయినాడు. తలకు రమారమి ఎనభై ఎనిమిది వేలు ఖర్చయింది. నలుగురి ఖాతాలోనూ ఒకే అంకె.

విద్యార్థి మిత్రులారా! కళాశాలల విజ్ఞానయాత్రలకు రుసుము ప్రకటించగానే, "ఇంట్లో పని ఉంది సార్" అని పక్కకు తప్పుకొనే వారు ప్రతి తరగతిలోనూ ఇద్దరు ముగ్గురు ఉంటారు. వారి ఇంట్లో ఏ పనీ ఉండదు. యాత్ర తలపెట్టేవారు ఊరి పేరు ప్రకటించకముందే, తరగతిలో అందరికంటె తక్కువ ఇచ్చుకోగలిగినవారు ఎంత ఇవ్వగలరో మెల్లగా విచారించి, అక్కడినుండి లెక్క మొదలుపెట్టాలని నా విన్నపం. గడువు ఎక్కువ ఇచ్చి నెలనెలా కొద్దికొద్దిగా కూడబెట్టనిస్తే ఊహించినంతకంటె దూరమే పోవచ్చు. కళాశాల పాలకవర్గం వారు కూడ ఈ పద్ధతిని ఒకమారు పరిశీలించవలెనని సవినయంగా కోరుతున్నాను.