పాపికొండల ముందు ఒక ఫోటో

హైటెక్ సిటీలో కొలువులు చేసే మా అన్నదమ్ములం, మాదాపూర్‌లో ఒక ఫోటోగ్రాఫరును కుదుర్చుకుని, సంక్రాంతి సెలవులలో పాపికొండల వద్ద కుటుంబమంతా ఫోటో తీయించుకోవాలని తలపెట్టాము.

2008లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించిన అడవి అది. లోపల ఫోటోలు తీయాలంటే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అటవీశాఖ అనుమతి ఉండాలి. గోదావరి కొండల నడుమ ఇరుకున పారే చోట ఎండ ఆలస్యంగా దిగుతుంది, త్వరగా తొలగిపోతుంది. పచ్చదనం మీద లేతరంగు బట్టలు నప్పుతాయని ఫోటోగ్రాఫరు సలహా. 2019 సెప్టెంబరు 15 నాటి కచ్చులూరు పడవ ప్రమాదాన్ని తలచుకొని, ఒడ్డు చేరేదాకా లైఫ్ జాకెట్లు విప్పరాదని మా ఆవిడ షరతు.

అమ్మ కోరినది ఒక్కటే. "మా ఊరున్న చోటు వెనకాల కనపడేలా నిలబెట్టమనరా."

ఆమె పుట్టిల్లు పడవ దారిలోనే, దేవీపట్నం మండలంలో. పోలవరం కాఫర్ డ్యాం వల్ల ఎగదన్నిన నీటితో 2021లో ఆ పల్లె ఖాళీ అయింది. ఆ ఇంటి ఫోటో ఒక్కటీ మావద్ద లేదు. ఆ రోజుల్లో ఫోటో అంటే రాజమండ్రి స్టూడియోలో గుడ్డపై గీసిన తోట ముందు కూర్చోవడమే!

వెనుక ఏది ముఖ్యంగా కనిపించాలని ఫోటోగ్రాఫరు అడిగాడు. నీళ్లని చెప్పాను. కొండలు కాస్త తెగిపోయినా ఫరవాలేదు.